భువనగిరి ఖిల్లా మీద మా ఇంటర్వ్యూ

పర్మినెంట్ అనే మాటకు ఎంత బరువుండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద, మందు ఉడికే రియాక్టర్ల పక్కన డ్రమ్ములు దొర్లించుకుంటూ బతికిన మాలాంటి వాళ్లకు ఆ రోజుల్లో దేవుడి తర్వాత అదే. పర్మినెంట్ అయినవాడికి కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు, క్యాంటీన్లో గుడ్డు, ఊళ్లో పిల్లనిచ్చేవాళ్లు. మాకు షేర్ ఆటో వెనక వేలాడడం, ఎంత రుద్దినా ఒంటిని వదలని మందు వాసన. సంగారెడ్డిలో ఉండే మా మేనమామ, తన కూతుర్ని నాకే ఇస్తానని నా నిక్కర్ల కాలం నుంచీ అంటూ వచ్చినవాడు, నేను ఫ్యాక్టరీలో చేరాక మాట కాస్త సవరించాడు. "ఇస్త అల్లుడా, ఎందుకియ్య? పర్మినెంట్ అయినంక రా, ముహూర్తం వెట్టుకుందాం" అన్నాడు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. కాబట్టి నా ప్రాణం కాస్తా ఆ 'అయినంక' మీద వేలాడుతూ ఉండేది.

మా ప్లాంటులో ఒక గట్టి నమ్మకం ఉండేది. ఎవరినైనా పర్మినెంట్ చేసే ముందు షిఫ్ట్ ఇన్‌చార్జి అతన్ని ప్లాంటు బయటికి తీసుకెళ్లి గుణగణాలు కనిపెడతాడని. బాయిలర్ దగ్గర పనిచేసే ఒకతన్ని సార్ ఓ ఆదివారం ఇంట్లో బీరువా జరపడానికి పిలిచారట, నెల తిరిగేసరికి అతను పర్మినెంట్. అంతే, బీరువాకీ పర్మినెంటుకీ లంకె ఉందని అందరం తేల్చేశాం. (బీరువా జరిపే మొనగాడిలా కనబడాలని నేను కొన్నాళ్లు పొద్దున్నే బస్కీలు కూడా తీశాను.) ఆ ఇన్‌చార్జిది కృష్ణా జిల్లా వైపు. ఎప్పుడూ సీసా నిండా మజ్జిగ పట్టుకొచ్చేవాడు గనక మేం చాటుగా మజ్జిగ సార్ అనేవాళ్లం. ఒక శనివారం ఆయన నన్నూ, ఇస్నాపూర్ కిరాయి గదిలో నాతో ఉండే సదాశివపేట కుర్రాణ్నీ (వాణ్ని అందరూ పేటోడనే పిలిచేవారు) పక్కకు పిలిచాడు. "రేపు ఖాళీయేనా? భువనగిరి ఖిల్లా ఎక్కొద్దామయ్యా. పొద్దున్నే పటాన్‌చెరు బస్టాండుకొచ్చేయండి" అని, మా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

పేటోడు గదిలోకొచ్చి ఎగిరి గంతేశాడు. "అన్నా, బాయిలరోనికి బీరువా, మనకు ఏకంగా గుట్ట! ఇగ ఆపెటోడు ఎవడే?" అన్నాడు. మర్నాడు ఏం తొడుక్కోవాలన్నది పెద్ద చర్చయింది. చివరికి ఇద్దరం ఇస్త్రీ చొక్కాలు, వాటి కింద కంపెనీ వాళ్లిచ్చిన ఇనుప ముక్కు సేఫ్టీ బూట్లు వేసుకున్నాం. పేటోడు ఇంకో మెట్టెక్కి పసుపు పచ్చ హెల్మెట్ కూడా పెట్టుకున్నాడు. "సార్ ముంగట సేఫ్టీ లేకుంట పోతమా? గదే సూస్తడేమో!" అన్నాడు. బస్టాండులో మమ్మల్ని చూసి సార్ నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. "అయ్యో, ఇవెందుకయ్యా" అని తల దించుకున్నాడు.

ఆ ఖిల్లా అంటే బోర్లించిన కుండ లాంటి ఒంటి బండ. కొంత దూరం మెట్లు, తర్వాత నున్నటి రాయి. ఇనుప బూట్లతో దాని మీద నడిచే గతి పగవాడికి కూడా వద్దు. సార్ సంచీ ఎవరు మొయ్యాలని ఇద్దరం గుంజుకున్నాం. ఆయన ఏ మాటన్నా మాకు ప్రశ్నే. "ఎండ మండుతోంది కదయ్యా" అంటే, "రియాక్టర్ కాడ ఇంతకన్న ఎక్కువుంటది సార్, మాకు అలవాటే" అని నేను. "కాసేపు కూర్చుందామా" అంటే, "అవసరం లేదు సార్, ఓవర్‌టైం అన్నా చేస్తం" అని వాడు. ఇలా మేం ఒక్కో జవాబు చెప్పినకొద్దీ ఆయన మొహం ఇంకా వాడిపోయేది. మార్కులు తగ్గుతున్నాయని భయపడి మేం ఇంకాస్త గట్టిగా జవాబులు చెప్పేవాళ్లం. ఆఖరికి పేటోడు పరుగెత్తబోయి జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే బండ మీద కిందికి కొట్టుకుపోయాడు. హెల్మెట్ టంగు టంగుమంటూ వాడికంటే ముందే పోయింది. సార్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "మెల్లగా రండయ్యా, మీకు దండం పెడతా. ఇవాళ మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను" అన్నాడు. పేటోడు చిరిగిన ప్యాంటు చేత్తో మూసుకుని, "సేఫ్టీల మైనస్ వడ్డదన్నా" అని నా చెవిలో గొణిగాడు.

పైన పాత గోడ నీడలో సార్ సంచీ విప్పి విస్తరాకులు పరిచాడు. పులిహోర, గారెలు, మజ్జిగ. మాకు తనే వడ్డించాడు. సగం తిన్నాక, "కాంట్రాక్టు వాళ్లెవర్నీ రేపట్నుంచి గేటు లోపలికి రానివ్వొద్దన్నారయ్యా" అన్నాడు నేలకేసి చూస్తూ. "మీ ఇద్దరి కోసం చాలా అడిగాను. నా మాట చెల్లలేదు." నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి గుట్టెందుకు సార్?" అన్నాడు పేటోడు. "గేటు దగ్గర నిలబెట్టి చెప్పడానికి నోరు రాలేదు. అన్నం పెట్టి చెప్పండి అంది మా ఆవిడ. ఇంటికి పిలుద్దామంటే చుట్టూ మన ప్లాంటు వాళ్లే. ఈ ఖిల్లా చూడాలని నాక్కూడా ఎప్పట్నుంచో ఉంది, తోడు దొరకలేదు" అన్నాడాయన. ఆ చివరి మాటకు ఆయనే సిగ్గుపడ్డాడు. పేటోడు విస్తరి ముందుకు జరిపి, "ఇంకింత పులిహోర ఉన్నదా సార్?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. దిగేటప్పుడు సార్‌కి మోకాళ్లు పట్టేశాయి. చెరో పక్కా మేమే పట్టుకుని దింపాం. తిట్టాలన్నా మనసు రాలేదు.

ఆ సాయంత్రమే సంగారెడ్డి వెళ్లి మామకు చెప్పాను. దాచి ఎన్నాళ్లు బతుకుతాం? ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "సరె తియ్. చాయ్ తాగిపో" అన్నాడు. ఆ 'పో'లో నాకు సంగతంతా తెలిసిపోయింది. ఆయన లేచి లోపలికి వెళ్లాక మరదలు చాయ్ తెచ్చింది. ఆమె కూడా అంతా వినే ఉంటుంది. కానీ దాని ఊసెత్తకుండా, "బావా, గంత ఎత్తుమీదికెల్లి ఏమేం కనవడ్తయి?" అనడిగింది.   ఊరూ, చెరువులూ, పొలాలూ, రైలు పట్టాలూ అన్నీ ఉండే ఉంటాయి.

"చూడలే" అన్నాను.

"అగో! గంత దూరం పోయి ఏం చూడలేదా?"

"సార్ మొఖం చూసిన."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. నేనూ నవ్వాను. లోపల మామ దగ్గేసరికి ఇద్దరం ఆపేశాం. మేమిద్దరం కలిసి నవ్వడం అదే ఆఖరు. ఆ వేసవిలోనే సర్కారీ ఫ్యాక్టరీలో పర్మినెంట్ అయిన ఒక బుద్ధిమంతుడితో ఆమె పెళ్లయింది. పంక్తిలో పప్పు నేనే వడ్డించాను.

ఇప్పుడు ఇస్నాపూర్‌లో నాకో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. నన్ను పర్మినెంట్ చేసేవాడూ లేడు, తీసేసేవాడూ లేడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఒక్కోసారి ఆనాటి నాలోని కుర్రాడు గుర్తొస్తాడు. ఇనుప బూట్లతో అంత ఎత్తున నిలబడి, లోకానికంతా వీపు పెట్టి, ఒక దిగులు మనిషి మొహంలో తన పెళ్లి ముహూర్తం వెతుక్కుంటున్నవాడు. వాడి భుజాలు పట్టి మెల్లగా అవతలికి తిప్పి, "ఓరి పిచ్చోడా, జెర అటు సూడు" అనాలనిపిస్తుంది.