చీటీలక్క రాసిన రెండక్షరాలు

పాముల పరిశోధనశాలలో ఆవిణ్ణి అందరూ చీటీలక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా పాము సంచులకు కట్టే చీటీలన్నీ ఆవిడే రాసింది. అక్కడ పామును గుడ్డసంచిలో వేసి, మూతి బిగించి, పెట్టెలో పెడతారు. లోపల ఏముందో చీటీ చూసే తెలుసుకోవాలి. విషమున్నదైతే సంచిని కొక్కెంతో ఎత్తుతారు. లేనిదైతే కింద అరచెయ్యి పెట్టి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతారు.

శాస్త్రీయ నామం తప్పులేకుండా రాయడమంటే ఆవిడకు ప్రాణం. మొదటి పదం ప్రజాతి, ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలవ్వాలి. రెండోది జాతి, చిన్నక్షరంతో. చేత్తో రాస్తే కింద గీత గీయాలి. ఒకసారి పూర్తిగా రాశాక మొదటి పదాన్ని ఒక్క అక్షరానికి కుదించవచ్చు. రెండోదాన్ని మాత్రం చచ్చినా కుదించకూడదు. ఒకే అక్షరంతో మొదలయ్యే ప్రజాతులు రెండుంటే మొదటిదీ కుదించకూడదు. ఇంత చాదస్తమా అని నవ్వేవాళ్లలో మొదటివాడు సొంత తమ్ముడే. పాములు పట్టే ఆ ఉద్యోగం వాడికి ఇప్పించిందీ ఆవిడే.

కొత్తగా వచ్చిన అధికారి బొటనవేలంత స్టిక్కర్లు తెప్పించాడు.

"ఇంత పొడుగు పేర్లెందుకమ్మా? పేరుకు రెండక్షరాలు చాలు."

"చాలవండీ. ఎకిస్ కారినేటస్ పింజరి, కాటేస్తే మనిషి పోతాడు. ఎరిక్స్ కోనికస్ ఇసుకలో ఉండే బోవా, దానికి విషమే లేదు. ఇంగ్లీషులో కుదిస్తే రెండూ ఇ. సి. అయిపోతాయి."

"పాములు పట్టేవాళ్లకు పాములు తెలీవా?"

అక్కడే ఉన్న తమ్ముడు పళ్లికిలించాడు. "నాకు తెలుస్తుందిలెండి సార్!"

ఆవిడ ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు. నోరు మూసుకుని రాసింది. అదీ ఆవిడ చేసిన పాపం, దాచేదేముంది.

పది రోజులు తిరక్కుండానే తమ్ముడు బోవా అనుకుని ఇ. సి. సంచి కింద అరచెయ్యి పెట్టాడు. పింజరి గుడ్డలోంచే కాటేసింది. ప్రాణం దక్కింది గాని కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. ఆస్పత్రి వరండాలో ఆవిడ గోడకు తల కొట్టుకుని ఏడ్చింది.

విచారణ పెట్టారు. "నేనలా రాయమనలేదు" అని అధికారి చేతులు దులిపేసుకున్నాడు. కాగితం మీద ఉత్తర్వు లేదు. ఆ మాట విన్న మూడో మనిషి తమ్ముడొక్కడే. వాడు నిజం చెబితే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే తమ్ముడి చెయ్యి పోగొట్టిందన్న పేరు మోసుకుని బయటికి పోవాలి. అయినా ఆవిడకు బెంగ లేదు. చంకనేసుకుని పెంచిన తమ్ముడాయె!

"సార్ ఏం చెప్పారో నేను వినలేదండి. రాత మాత్రం మా అక్కదే," అన్నాడు వాడు, చేతికున్న కట్టు చూసుకుంటూ.

ఉద్యోగం ఊడింది. ఆవిడ బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కోప్పడకక్కా. ఈ చేత్తో ఇక పాముల్ని పట్టలేను. పిల్లలున్నారు. నీ కుర్చీ నాకిస్తానన్నారు సార్."

"ఎప్పుడన్నారు?"

"విచారణకు ముందు."

చెంప పగలగొట్టాలనిపించింది. నోటిదాకా వచ్చిన తిట్టు వాడి చెయ్యి చూసి ఆగిపోయింది. వాడు బల్ల దగ్గరికొచ్చి ఎడమచేత్తో కలం పట్టుకోబోయి జారవిడిచాడు.

"రేపు ఇరవై సంచులు వస్తున్నాయక్కా. పేర్లెలా రాయాలో కాస్త చెప్పి వెళ్లవా?"

పోరా అని వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. కానీ రేపు ఆ సంచులెత్తేది ఇంకెవరి బిడ్డో.

"కూర్చో," అంది ఆవిడ, వాడి మొహం చూడకుండా. "ఎవరు చెప్పినా కుదించకు. నేను కుదించి ఏం చేశానో చూశావుగా."