దగ్గున్నవాళ్ళు రావద్దన్న అడవి

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో స్నేహితురాలి ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరుగుతుండగా, వచ్చేవారం గొరిల్లాలను చూడడానికి ఉగాండా వెళుతున్నాననీ, దగ్గు మాత్రం తగ్గడం లేదనీ వాళ్ళమ్మాయి చెప్పగానే, మా వారు పులిహోర ప్లేటు పక్కన పెట్టి మరీ సలహా ఇచ్చారు. "సిరప్ తాగేసి వెళ్ళిపో అమ్మా, ఎవరు చెక్ చేస్తారు! మీ ఆంటీలా సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్నని గేటు దగ్గరే కూర్చోకు." అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఇదే జోకు!

పెళ్ళయిన కొత్తలో మేము ఉగాండాలో ఉండేవాళ్ళం, ఆయనకు అక్కడ చక్కెర మిల్లులో ఉద్యోగం. పరాయి దేశంలో పొద్దుపోక నేను పిట్టలనూ కోతులనూ చూడడం మరిగి, ఆ గొరిల్లాల కొండ ఎక్కి తీరాలని నెలల తరబడి చెరుకు తోటల వెంట నడక సాధన చేశాను. ఆయనకు బూట్ల లేసులు కట్టుకోవడానికే బద్ధకం, నా పోరు పడలేక బయలుదేరారు. తీరా దారిలో వానకు తడిసి ఇద్దరికీ జలుబు పట్టుకుంది. అడవి గేటు దగ్గర గైడు అందరినీ వరసగా నిలబెట్టి, మన జలుబు వాటి ప్రాణం తీస్తుందనీ, దగ్గున్నవాళ్ళు దయచేసి ఆగిపోవాలనీ చెప్పాడు. మా వారు నన్ను గిల్లారు. అయినా నాకు దగ్గుందన్నాను, ఆయనకూ ఉందన్నాను. తనను వదిలి వెళుతున్నానని మా ఆవిడ అలక అని ఆయన ఇంగ్లీషులో నవ్వుతూ చెబితే, ఆ గైడు కాస్తా నమ్మేశాడు!

నేను రేకుల షెడ్డులో కూర్చుని, కొమ్మల్లో దూకే తెల్లతోక కోతులను కన్నీళ్ళలోంచే చూశాను. సాయంత్రం ఆయన మోకాళ్ళదాకా బురదతో దిగివచ్చి, పిల్ల గొరిల్లా ఒకటి చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చిందనీ, సరిగ్గా అప్పుడే దగ్గు ముంచుకొచ్చిందనీ, గైడు రెక్క పట్టుకుని వెనక్కి లాగాడనీ పడీ పడీ నవ్వుతూ చెప్పారు. దానికేమవుతుందో అన్న ఆలోచనే లేదు మనిషికి.

ఇదే పెద్దమనిషి, ఇక్కడ మనవరాలు పుట్టినప్పుడు, ఒక్క తుమ్ము తుమ్మాడని వియ్యంకుడంతటివాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపించారు! శనివారం అందరి ముందూ ఈ మాట అని ఆయన్ను కడిగేశాను. నవ్వులు ఆగిపోయాయి. "ట్రిప్ పోస్ట్‌పోన్ చేసేస్తాలే ఆంటీ," అంది ఆ అమ్మాయి మెల్లగా.

మొగుడు నవ్వుతుంటే మనమూ నవ్వి ఊరుకున్న తరం మనది. ఈ కాలం పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఆ కొండ నేనిక ఎక్కలేను. ఆ పిల్ల గొరిల్లా బతికి ఉంటే ఈపాటికి దానికీ మనవలు పుట్టి ఉండాలి. బతికి ఉంటే.