మంచుపెట్టెలో కానాగంతలు

దేముడమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. అయినా ఒడిశాలో చికిటి దగ్గరున్న ఆ చిన్న ఊళ్లో మేకలకు సూది వేయాలంటే ఆవిడే దిక్కు. వారం రోజుల శిక్షణ, టీకాలు చల్లగా ఉంచే ఒక మంచుపెట్టె, మెడలో ‘ప్రాణిమిత్ర’ అని ఒడియాలో రాసిన కార్డు. వీటితోనే ఎనిమిదేళ్లుగా సగం డాక్టరు. గర్వం మాత్రం పూర్తి డాక్టరుదే.

ఈ వేసవిలో మేకలకు ముక్కు కారి, నోరు పుండై, పారుకుని చచ్చే జబ్బు పక్క ఊళ్లలో మొదలైందని విని, చికిటి వెళ్లి టీకా తీసుకుంది. ఆరోజే అల్లుడు వస్తున్నాడు. అక్కడి సంతలో సోనేపూర్ రేవు నుంచి వచ్చిన కానాగంత చేపలు తళతళలాడుతూ కనిపించాయి. అవి చెడిపోకూడదని మంచుపెట్టెలో సర్ది, చోటు చాలక టీకా సీసాను నడుముకున్న సంచిలో దోపుకుంది. కాసేపే కదా అనుకుంది. బస్సు రెండు గంటల తర్వాత గానీ రాలేదు.

ఆ సాయంత్రమే పక్కింటి చిట్టమ్మ మేకలకు టీకా వేసింది. తొమ్మిది మేకలే చిట్టమ్మకు ఆధారం. చేపల కూర కూడా ఒక గిన్నె పంపింది. మర్నాడు గిన్నె తోమి తెచ్చిన చిట్టమ్మ, కూర అమృతంలా ఉందని మెచ్చుకుంది.

నెల తిరక్కుండా వాటిలో ఎనిమిది ఆ జబ్బుతోనే చచ్చాయి. బరంపురం నుంచి పశువుల డాక్టరమ్మ సాయిపద్మ వచ్చింది.

“ఈ వైరస్సు మేక కణంలోకి దూరి, తన దగ్గరున్న చీటీ చదివిస్తుంది. ఆ రాత కణానికి తెలీదు, అందుకని చదివేదాన్ని కూడా వెంటే తెచ్చుకుంటుంది. అందులో ఉన్నట్టే కణం చేత తన సరుకంతా చేయించుకుంటుంది. టీకాలోదీ అదే జాతి, కాకపోతే కోరలు పీకేసినది. అదీ లోపలికెళ్లి ఈ పనంతా చేస్తేనే మేక ఒళ్లు జబ్బుని గుర్తుపడుతుంది. వేడి తగిలితే అది చచ్చిపోతుంది. ఇంక చదివేదెవరు? చల్లగానే తెచ్చావా, దేముడమ్మా?”

“తెచ్చినానమ్మా,” అంది దేముడమ్మ. తన నోటినుంచి అబద్ధం అంత సాఫీగా వచ్చినందుకు తనకే సిగ్గేసింది.

డాక్టరమ్మ వెళ్లాక చిట్టమ్మ కళ్లొత్తుకుంది. “తప్పు నాదేనే. అమ్మోరు తల్లికి మొక్కిన మేకపోతుని ఇయ్యకుండా దాసుకున్నాను. అదొక్కటే మిగిల్నాది సూడు. రేపు ఇచ్చేస్తాను.”

దేముడమ్మ ఆ రాత్రి ఖాళీ మంచుపెట్టెను ముందు పెట్టుకుని కూర్చుంది. తన తప్పును పక్కింటిమనిషి నెత్తిన పెట్టుకు మోస్తోంది. మిగిలిన ఒక్క ప్రాణం కూడా దానికే పోతోంది.

తెల్లారేసరికి చిట్టమ్మ పోతుకు పసుపు రాస్తోంది. దేముడమ్మ ఎదురుగా నిలబడింది.

“దాన్ని ఇప్పేయ్ వదినా. తల్లి కోపం కాదు. మంచులో సేపలెట్టి, టీకాని నడుం కాడ ఎట్టుకున్నాను. అది సచ్చిపోనాది. డాక్టరమ్మకి అబద్ధం సెప్పినాను.”

చిట్టమ్మ చెయ్యి ఆగిపోయింది. కొడుతుందేమోనని, కొడితే బాగుండునని దేముడమ్మ ఎదురుచూసింది.

“నాకు పంపినావు, ఆ సేపలేనేటి?”

“అవే.”

“బాగున్నాయని సెప్పినాను గదే నీకు.”

చిట్టమ్మ పోతు మెడలోని తాడు విప్పసాగింది. పసుపు చేతులకు ముడి జారిపోతోంది. సాయం చేద్దామని దేముడమ్మ వంగితే, ఆ చేతిని పక్కకు తోసేసింది.