ఎదుటివాళ్ళ మాటల కింద గీతలు

అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో నేను చదువుకునే రోజుల్లో మా ఇంటి ఓనరుగా ఉన్నాయన పోయారని గురువారం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది.

ఆయన ఇంగ్లండ్ మనిషి, నటుడు. ముప్పై ఏళ్ళు అక్కడి స్టేజీల మీద, ఆ తర్వాత ఇక్కడి నాటకాల్లో, సినిమాల్లో వేశారు. ఎక్కువగా జడ్జీ, డాక్టరు, నౌకరు. హీరో ఎప్పుడూ కాలేదు, ఖాళీగా కూడా ఎప్పుడూ లేరు. ఆయన బేస్‌మెంట్‌లో నేనూ, నా వరంగల్ స్నేహితుడూ అద్దెకుండేవాళ్ళం.

"యాక్టర్ అంటడు, ఏ సినిమాల చూసినా రెండు నిమిషాలకే మాయమైతడేందిరా?" అనేవాడు మావాడు. నేను సర్ అంటే ఆయన, "ఆ బిరుదు మా రాణిగారు నాకింకా ఇవ్వలేదు" అనేవారు.

ఎమ్మెస్ అయింది, ఉద్యోగం రాలేదు. ఇంకో మూడు వారాల్లో రాకపోతే వీసా రూలు ప్రకారం దేశం వదలాలి. ఇంటర్వ్యూ జవాబులన్నీ రాసుకుని, పదో తరగతిలో లాగే బట్టీ పట్టాను. ఫోన్‌లో వాళ్ళు ప్రశ్న పూర్తి చేయకముందే అప్పజెప్పేసేవాణ్ణి. నాలుగు కంపెనీలు అలాగే పోయాయి.

నా వల్లెవేత హీటర్ గొట్టంలోంచి పైకి వినపడేదట. ఒక సాయంత్రం టీకి పిలిచారు.

"నీకు జవాబులన్నీ వచ్చు. ప్రశ్నే రాదు."

"స్టేజీ మీద మీరు చెప్పేదీ బట్టీ పట్టిందేగా సర్?" అన్నాను ఉక్రోషంగా.

ఆయన తన స్క్రిప్టు తెచ్చి ముందు పెట్టారు. పెన్సిల్ గీతలన్నీ ఎదుటివాళ్ళ మాటల కింద ఉన్నాయి. తన మాటల కింద ఒక్కటీ లేదు.

"నావి నాకెలాగూ వస్తాయి. అవతలి మనిషి ఈరోజు ఎలా అంటాడో అదే తెలీదు. అది వినకపోతే అక్కడ నేనెందుకు?"

పది రోజులు డైనింగ్ టేబుల్ దగ్గర నన్ను ప్రశ్నలడిగారు. తొందరపడితే కప్పు మీద స్పూనుతో టింగుమని కొట్టి, మళ్ళీ మొదటినుంచి అడిగేవారు. ఐదో ఇంటర్వ్యూలో నేను రాసుకోని ప్రశ్న వచ్చింది. చివరిదాకా విన్నాను. ఆగాను. తెలిసినంత చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత మా ఇద్దరినీ తన నాటకానికి పిలిచారు. నౌకరు వేషం, మూడే మాటలు. గంటన్నర గోడ పక్కన నిలబడ్డారు. బయటికొచ్చాక మావాడు, "హీరో మాట్లాడుతుంటే నేను గీయన మొఖమే చూసిన్రా" అన్నాడు. నేనూ అంతే.

పోయిన నెల, ఇప్పుడు నేనుంటున్న రెడ్‌మండ్ నుంచి వెళ్ళి ఆయన్ని చూశాను. అప్పటికి ఆయనకు మాట పడిపోయింది. ఆఫీసు సంగతులేవో చెబుతూ, ఇంకేం చెప్పాలో తోచక మధ్యలో ఆగిపోయాను. దిండు మీద తల కొంచెం నా వైపు తిప్పి, ఆయన నా తర్వాతి మాట కోసం చూస్తున్నారు.