వంతెన లేని ఏరు

రోడ్ల శాఖ ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు పటాలు గీసి రిటైరైన ఆవిడను అందరూ స్కేలమ్మ అనేవారు. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టే రకం. ఉద్యోగం అయిపోయాక ఆవిడకు బోర్డు మీద ఆడే యుద్ధాల ఆటలు తయారుచేసే పిచ్చి పట్టుకుంది. భోజనాల బల్ల నిండా పటం, దాని మీద సైనికులకు బదులు అట్టముక్కలు. కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్తకు కంచం ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటైపోయింది.

ఆ ఏడాది ఆవిడ నలభై ఏళ్ల కిందటి ఒక ఏటి ఒడ్డు పోరును ఎంచుకుంది. సైన్యం అచ్చువేసిన చరిత్ర పుస్తకం చూసి ప్రతి గుట్టా, ప్రతి దారీ గీసింది. అందులో ఒక వాక్యం ఉంది: మందుగుండు లారీలు డ్రైవర్ల అశ్రద్ధ వల్ల ఆలస్యమయ్యాయి.

భర్తకు అన్న, అంటే ఆవిడ బావగారు, ఆ లారీల్లో ఒకటి నడిపినవాడే. యుద్ధం ఊసెత్తితే లేచి వెళ్లిపోతాడు కాబట్టి ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. ఒక ఆదివారం విరిగిన కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. తమ్ముడు బిగించి ఇచ్చిన జోడు పెట్టుకుని, కనిపిస్తోందో లేదోనని బల్ల మీదికి వంగాడు.

"ఈ వంతెన ఎక్కడిదమ్మా?"

"పుస్తకంలో ఉంది బావగారూ."

"పుస్తకంలో ఉంటే ఉండనీ, ఏటి మీద మాత్రం లేదు. మేం వెళ్లేసరికే కొట్టుకుపోయింది. పెట్టెలు నెత్తిన పెట్టుకుని, గుండెల్లోతు నీళ్లలో మోశాం. రోజున్నర పట్టింది."

మర్నాడే ఆవిడ పాత ఆఫీసుకు వెళ్లి వరదల రిజిస్టరు తీయించింది. పోరుకు రెండు రోజుల ముందే వంతెన పోయిందని అందులో నిక్షేపంలా రాసి ఉంది. ఆ రిజిస్టరు ఉన్న గది పక్క గదిలోనే తన ఉద్యోగమంతా గడిచింది! ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి పటంలో వంతెన తీసేసింది. దాంతో ఆటే చెడింది.

"వంతెన లేదని తెలిసీ అటెవడు పోతాడే? నేను గుట్ట చుట్టూ తిరిగిపోతా," అన్నాడు భర్త లారీలు జరుపుతూ.

"మాకు తెలిస్తే కదరా! ఒడ్డున బండి ఆపేదాకా ఎవరికి తెలుసు?" అన్నాడు ఆట చూడ్డానికి వచ్చిన అన్న.

స్కేలమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఏం జరిగిందో గీసింది కానీ, అప్పుడు ఎవరికి ఎంత తెలుసో గీయలేదు. వంతెనను మళ్లీ పటంలోకి తెచ్చింది. కొన్నింటి మీద 'ఉంది', కొన్నింటి మీద 'పోయింది' అని రాసిన నాలుగు చీటీలు కలిపి, దాని దగ్గర ఒకటి బోర్లించి పెట్టింది. ఉందో, పోయిందో లారీ అక్కడికి చేరాకే తిప్పి చూడాలి.

నియమాల పుస్తకం చివర ఇలా రాసింది: "లారీలు ఆలస్యమైంది అశ్రద్ధ వల్ల కాదు. వంతెన కొట్టుకుపోతే డ్రైవర్లు పెట్టెలు మోసుకుని ఏరు దాటారు. ఈ నిజం చెప్పిన డ్రైవరుకు కృతజ్ఞతలు."

బావగారు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లకు ఒకరు మా మాట రాశారమ్మా. సంతోషం."

"నేనే మీకు రుణపడ్డాను బావగారూ. మీరు నోరు విప్పకపోతే తప్పుడు పటం గీసి, అదే గొప్పనుకునేదాన్ని."

ఇప్పుడాయన ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఎప్పుడూ అవతలి సైన్యాన్నే అడిగి తీసుకుంటాడు. ఆ ఒడ్డున ఉన్నవాళ్లకు తాము ఎలా కనిపించామో చూడాలట. కానీ తమ్ముడి లారీలు నీళ్ల దగ్గర ఆగాయంటే మాత్రం ఉండబట్టలేక, శత్రువే అయినా, ఎటు దాటితే లోతు తక్కువో చెప్పేస్తాడు.