గోపురం మీద వదిలిన కమ్మీలు

2022లో, కరోనా తర్వాత పనులు పుంజుకుంటున్న రోజుల్లో, పెన్నాగరం దారిలోని ఒక ఊళ్లో చిన్న చర్చి కడుతున్నాం. నేను తమిళనాడులోని ధర్మపురిలో సివిల్ ఇంజనీరుని. సిమెంటుతో, ఇసుకతో నాకెప్పుడూ పేచీ లేదు. మనుషులతోనే.

మా వైపు కట్టడం పూర్తయినా కాలమ్‌ల ఇనుప కమ్మీలు, అదే కంబి, కోయరు. రేపు ఇంకో అంతస్తు వేసుకోవచ్చని పైకి అలాగే వదిలేస్తారు. ఆ చర్చి ముందరి గోపురం మీద కూడా వదిలారు.

చర్చి పెద్ద దేవసహాయం మా తెలుగువాడే. పక్క ఊరి చర్చి గోపురం బస్సులోంచే కనిపిస్తుందని ఆయనకు కడుపుమంట. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అప్పటికే పూర్తయిన హాల్లో పాస్టరు బాబేలు కథ చెబుతున్నారు. పూర్వం మనుషులంతా కూడి, పేరు తెచ్చుకోవాలని, ఇటుకలు కాల్చి ఆకాశాన్నంటే గోపురం మొదలుపెట్టారట. దేవుడు వాళ్ల భాషలు కలగాపులగం చేస్తే పని సగంలో ఆగిపోయిందట. ముందు వరసలో దేవసహాయం తల ఊపుతున్నాడు. ఇక ఎత్తు గొడవ వదిలేస్తాడని నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రార్థన ముగిసిందో లేదో బయటికొచ్చి, "అమ్మా, ఇంకా పదడుగులు లేపాల" అన్నాడు.

ఫుటింగ్ అంటే కాలమ్ కింద భూమిలో ఉండే కాంక్రీటు పాదమని, అది మోయగలిగినంతే పైన కట్టాలని చెప్పాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. "కంబి ఇడిసిపెట్టినారు కదమ్మా, మళ్లీ ఏమి?" అన్నదే ఆయన జవాబు.

తమ్ముడి పెళ్లికని నేను కొన్నాళ్లు రాకపోతే మేస్త్రీ చేత ఐదడుగులు లేపించేశాడు. తిరిగొచ్చి చూస్తే గోపురం మొదట్లో ఏటవాలుగా పగులు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే గోపురం ముందుకు ఒరిగినట్టు తేలింది. దాని కింది వరండాలోనే ఆయన తల్లి ప్రతి ఆదివారం కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, లోపల ఊపిరాడదని. నాకు ఒళ్లు మండిపోయింది.

అది పగులు కాదని, పూత మీది గీతని ఆయన వాదించాడు.

"అట్లయితే అన్నా, ఈ ఆదివారం గూడా మీ అమ్మ కుర్చీ ఈడనే ఎయ్యండి" అన్నాను.

ఆయన కుర్చీని చూశాడు, పైకి చూశాడు. కుర్చీ ఎత్తుకుని వేపచెట్టు కిందికి మోసుకెళ్లాడు. మర్నాడే కూల్చడానికి ఒప్పుకున్నాడు.

ఐదడుగులూ దించి, కింద కాలమ్‌లు బలపరిచాం. చివర్లో కమ్మీలు కోయించడానికి మిషను తెప్పించాను. దేవసహాయం మెల్లగా నా పక్కకొచ్చి, "కంబి మాత్రం ఉండనీమ్మా" అన్నాడు.

భూమిలో ఉన్న ఫుటింగ్ ఎవరికీ కనిపించదు. పైన జానెడు కమ్మీ కనిపిస్తే చాలు, ఆకాశం దాకా కట్టొచ్చనుకుంటారు. ఆ రోజు దగ్గరుండి కోయించాను. ఇప్పుడు ఏ పని ముగిసినా అవి కోయించాకే ఇంటికి వెళ్తాను. జనం తిట్టుకుంటారు. తిట్టుకోనీ.