బాబాయి చూపించిన ఖాళీ కొమ్మ

మా బాబాయికి పిట్టలు కనబడవు.

చాలామందికి కనబడవు, ఇందులో వింతేముంది అంటారేమో. మా బాబాయి పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే నగరం మధ్యలో ఉన్న అడవిలాంటి పార్కులో జనాన్ని పిట్టలు చూడ్డానికి తీసుకెళ్లే గుంపుకి లీడరు. పైగా ఆయనది కళ్లజోళ్ల షాపు. ఊరందరికీ చూపు అమ్ముతాడు. మెడలో బైనాక్యులర్స్ వేలాడుతూనే ఉంటాయి గానీ, పదకొండేళ్లలో ఒక్కసారి కూడా "అదిగో!" అన్న పాపాన పోలేదు. ఆయన నోట వచ్చేదల్లా ఒకటే. "ఏదీ? ఎక్కడ? నాకేం కనబడట్లేదే!"

మా పిన్నికి ఇది ఎప్పటికీ తెగని వింత.

"సోఫా కింద పడ్డ గుండుసూది కనబడుతుంది ఈయనకి. ఏనుగంత పిట్ట మాత్రం కనబడదు."

"ఏనుగంత పిట్ట ఉండదు పిన్నీ."

"ఉన్నా కనబడదులే."

ఒకసారి ఏం జరిగిందో చెప్తాను. పొగమంచు ఇంకా కరగలేదు. చెట్లకి మొదళ్లు లేవు, గాల్లో తేలుతున్నట్టున్నాయి. మా అడుగుల చప్పుడు మాకే ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. బాబాయి ఒక ముసలి చెట్టు దగ్గర ఆగి, మా గుంపులోని పోస్ట్‌మ్యాన్ అన్నయ్య భుజం మీద చెయ్యేశాడు.

"పద పద, ఈ చెట్టులో ఏమీ లేదు. ఆ మూడో కొమ్మ విరిగిపోయింది చూశావా, దానికి జానెడు పైన తొర్ర ఉందే, అందులో కూడా ఏమీ లేదు."

పోస్ట్‌మ్యాన్ అన్నయ్య ఆ తొర్రలోకి చూశాడు. తొర్ర కూడా ఆయన్ని చూసింది, రెండు పసుప్పచ్చ కళ్లతో.

"గుడ్లగూబ!" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా.

"ఏదీ? ఎక్కడ?" అన్నాడు బాబాయి.

మా గుంపులో ఒక పద్ధతుంది. పిట్టని ముందు ఎవరు చూస్తే వాళ్లే పుస్తకంలో రాయాలి, సొంత చేతిరాతతో. ఆ పుస్తకంలో అందరి రాతలూ ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ అన్నయ్యది అడ్రసు రాసినట్టుంటుంది. బేకరీ ఆంటీది కేకు మీద క్రీముతో రాసినట్టుంటుంది. బాబాయి రాత మాత్రం పేజీ మొదట్లో తేదీ దగ్గరా, దాని పక్కన "మబ్బు" అనో "మంచు" అనో ఉన్నచోటా తప్ప ఎక్కడా దొరకదు.

ఇదంతా నాకు భలే సరదాగా ఉండేది, నాకూ పిట్టల పిచ్చి పట్టేదాకా. పట్టాక ఇంకేముంది! రెండు లావుపాటి పుస్తకాలు బట్టీ కొట్టేశాను. కొత్త బైనాక్యులర్స్ కొనుక్కున్నాను. ఏడాదికోసారి నగరంలోని పార్కులన్నీ పిట్టల్ని లెక్కపెట్టి, ఆ లెక్కని ఒక ఆఫీసుకి పంపుతాయి. పోయిన ఏడు మా పార్కుది ఆఖరి స్థానం. బస్టాండు పక్కన పన్నెండు చెట్లున్న పార్కు కూడా మమ్మల్ని దాటేసింది! ఆ అవమానం నాకు అన్నం సయించనివ్వలేదు.

మా గుంపులో బ్యాంకు మావయ్య అని ఒకాయన ఉన్నారు. ఎవరికీ మావయ్య కారు, బ్యాంకులో మాత్రం నిజంగానే పనిచేస్తారు. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"లీడరుకి కళ్లుండాలి కదమ్మా. నేనేమీ అనట్లేదు. అంటున్నానంతే."

నేను నేరుగా షాపుకే వెళ్లాను. బాబాయి ఆవగింజలో సగం ఉన్న స్క్రూని ఒక ఫ్రేములో బిగిస్తున్నాడు. భూతద్దం కూడా పెట్టుకోలేదు. అది కళ్లారా చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు.

"బాబాయ్, ఈసారి లెక్కకి నేను లీడరుగా ఉండనా?"

స్క్రూ బిగించడం ఆగింది. అద్దం మీద ఊది, గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"మంచిదే కదా తల్లీ. నాకెలాగూ కనబడవు."

అద్దాన్ని ఫ్రేములో పెడుతూ అడిగాడు. "వెనకాల నడవచ్చా?"

మనసులో ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ నా సంబరంలో దాని నొప్పి తెలియలేదు.

మొదటి ఆదివారం అదరగొట్టాను. గంటలో ఇరవయ్యారు రకాలు! ఎవరైనా తలెత్తేలోపే "అదిగో, ఇదిగో" అంటూ అన్నీ నేనే చూసేశాను, అన్నీ నేనే రాసేశాను. పుస్తకంలో ఆ పేజీ పరీక్ష పేపరులా నిండిపోయింది. బేకరీ ఆంటీ ఫోను చూసుకుంటూ నడిచింది. పోస్ట్‌మ్యాన్ అన్నయ్య ఆవలిస్తే, ఆ ఆవలింత చివరి మనిషిదాకా పాకింది.

రెండో ఆదివారం సగం మందే వచ్చారు. మూడో ఆదివారం, అంటే లెక్క రోజున, గేటు దగ్గర నాతో కలిపి ఐదుగురం. బ్యాంకు మావయ్య, బేకరీ ఆంటీ, బాబాయి, నెల క్రితం చేరిన టైలరు అక్క. ఈ అక్క ఎక్కువ మాట్లాడదు. ఇప్పటిదాకా ఒక్క పిట్టనీ ముందు చూడలేదు.

"ఇవాళ్టితో మానేస్తానండీ," అంది నాతో, తప్పు చేసినట్టు. "నా కళ్లు సూదిలో దారానికి తప్ప దేనికీ పనికిరావు. ఆదివారం కూడా మిషను తొక్కుకుంటే రెండు జాకెట్లయినా అవుతాయి."

బ్యాంకు మావయ్య నా చెవిలో గొణిగారు. "వచ్చేవారం మనిద్దరమే మిగుల్తామమ్మా. అప్పుడు పిట్టలే మనల్ని లెక్కపెట్టుకోవాలి."

నేను పట్టించుకోకుండా ముందుకి నడిచాను. ఆ రోజు వెలుగు చిత్రంగా ఉంది. ఆకుల మధ్యనుంచి జారి, నేల మీదికి రాకముందే ఎక్కడో ఆగిపోతున్నట్టు. చెరువు పక్కన మంచు నీళ్ల మీద నిద్రపోతోంది. గట్టు వెంబడి పొదలన్నీ గాలించాను. ఏమీ లేవు. దాటి ఇరవై అడుగులు వేశానో లేదో, వెనకనుంచి బాబాయి గొంతు వినబడింది.

"ఆ రెల్లు దుబ్బు పక్కన ఎండిన రెమ్మ ఉంది చూడమ్మా. నేలకి బెత్తెడు ఎత్తులో, ఎడమవైపుకి వంగి... ఆ, అదే. అక్కడేమీ లేదు కదా?"

టైలరు అక్క వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఉందండీ!"

"ఏదీ? ఎక్కడ?"

"అయ్యో, అంత దగ్గరుంటే కనబడదేంటండీ మీకు! గొంతంతా నీలం. మధ్యలో ఇటుక రంగు చుక్క. తోక ఆడిస్తోంది చూడండి!"

నేను గిర్రున తిరిగాను. నీలిగొంతు పిట్ట! ఎక్కడో చలిదేశం నుంచి వలస పోతూ దారిలో దిగినట్టుంది. మా పార్కు పుస్తకంలో దాని పేరే లేదు. రెండు పుస్తకాలు బట్టీ కొట్టిన నేను దాని ముందునుంచే నడిచి వెళ్లిపోయాను.

అందరం ఊపిరి బిగబట్టి పిట్టని చూస్తున్నాం. బాబాయి ఒక్కడే చూడట్లేదు. ఆయన పిట్టకి వీపు పెట్టి నిలబడి, టైలరు అక్క మొహం చూస్తున్నాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర.

ఆయన్ని పక్కకి లాగాను. "బాబాయ్, నీకు ముందే కనబడింది కదా?"

"ఏది?"

"నాటకాలాడకు. గుడ్లగూబ కూడా కనబడిందా?"

"అది ఆ తొర్రలోనే నాలుగేళ్లుగా ఉంటోంది. కనబడక చస్తుందా!" అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. "షాపులో కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్లు మొట్టమొదట ఏం చేస్తారో తెలుసా? వాకిట్లోకెళ్లి చెట్టు చూస్తారు. ఆకులు విడివిడిగా కనబడేసరికి ఒక మొహం పెడతారు. ఆ మొహం కోసమే నేను రోజూ షటరెత్తేది. పిట్టదేముంది తల్లీ, దానిది ఎప్పుడు చూసినా ఒకటే మొహం."

నేను లీడరుగిరీకి అక్కడికక్కడే రాజీనామా చేశాను. బాబాయి వద్దన్నాడు గానీ, ఆ వద్దనడంలో పస లేదు. చెవులదాకా నవ్వుతూ ఎవరైనా వద్దంటే ఎలా నమ్మడం?

కథ అక్కడితో అయిపోలేదు. నీలిగొంతు పిట్ట అనేసరికి లెక్కల ఆఫీసుకి అనుమానమొచ్చింది. మరుసటి ఆదివారం ఒక పెద్దాయన ఫైలుతో సహా దిగాడు. ఈ వార్త పాకి గేటు దగ్గర పద్నాలుగుమంది పోగయ్యారు. పిట్ట మాత్రం ఎప్పుడో తన దారిన పోయింది.

"చూసింది ఎవరు?"

"నేనే," అంది టైలరు అక్క. మిషను మానుకుని మరీ వచ్చింది.

"ఫోటో ఉందా?"

"లేదండీ."

"మరి రుజువేంటమ్మా?"

అక్క సంచిలోంచి నాలుగు దారపు రీళ్లు తీసి, బెంచీ మీద వరసగా పేర్చింది. "గొంతు ఈ నీలం. దీనికి ఒక నంబరు ముదురుది కాదు, ఇదే. మధ్యలో చుక్కా, తోక మొదలూ ఈ ఇటుక రంగు. కనుబొమ్మ ఈ తెలుపు, మరీ పాలతెలుపు కాదు. గొంతు కింద పట్టీకి ఈ నలుపు. దారాల షాపులో నీలాలే పదిహేడున్నాయండీ. గంటసేపు ఏరాను."

పెద్దాయన తన పుస్తకం తెరిచి, బొమ్మ పక్కన ఒక్కో రీలూ పెట్టి చూశాడు. ఫైల్లో టిక్కు పెట్టి మూసేశాడు. గొంతు సవరించుకుని బాబాయి వైపు తిరిగాడు.

"లీడరుగారూ, మీరు కూడా చూశారా?"

"నేనా?" అన్నాడు బాబాయి అమాయకంగా. "నాకు పిట్టలెక్కడ కనబడతాయండీ! దారాలు మాత్రం భలే ఉన్నాయి."